పాత అడ్రసుకు వెళ్ళిన నోటీసు

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. విజయవాడ గవర్నరుపేటలో అద్దె షాపులో చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సు నడిపేవాణ్ణి. పెళ్ళి కార్డులు, బిల్లు బుక్కులు, స్కూలు డైరీలు మా పని. మా దగ్గర తొమ్మిదేళ్ళు పనిచేసిన మెషిన్‌మన్ 2019 ఆగస్టులో అడ్వాన్సు దగ్గర మాటా మాటా పెరిగి వెళ్ళిపోయాడు. నేను తీసేయలేదు, తనే రావడం మానేశాడు. 2020 జూన్‌లో, కరోనా రోజుల్లో అద్దె కట్టలేక షాపు ఖాళీ చేసి, ఆటోనగర్‌లో మా బావమరిది షెడ్డులోకి మారాం. మొన్న గుంటూరు లేబర్ కోర్టు నుంచి ఆటోనగర్ అడ్రసుకు నోటీసు వచ్చింది. 72 నెలలకు, నెలకు 14,000 చొప్పున 10,08,000 రూపాయలు ఇప్పించమని అతను 2025 సెప్టెంబరులో పిటిషన్ వేశాడట. ఆరా తీస్తే తెలిసింది, 2021లోనే నా మీద కేసు వేశాడని, నేను హాజరు కాలేదని 2024 మార్చిలో ఎక్స్‌పార్టీ అవార్డు, అంటే నన్ను వినకుండానే తీర్పు, ఇచ్చేశారని. తిరిగి పనిలోకి తీసుకోవాలి, మానేసిన నాటి నుంచి జీతం మొత్తం కట్టాలి అని అందులో ఉందట. ఆ కేసు నోటీసు ఒక్కటి కూడా నా చేతికి రాలేదు. అన్నీ గవర్నరుపేట అడ్రసుకే వెళ్ళాయట. పాత షాపు ఓనరు మాత్రం ఒకసారి ఫోన్లో 'మీకేదో కోర్టు కవరొచ్చింది, పోస్ట్‌మన్ వెనక్కి పట్టుకెళ్ళాడు' అన్నట్టు గుర్తు. బ్యాంకు లోను గొడవేమో అనుకుని వదిలేశాను. అవార్డు వచ్చి ఇంత కాలమైంది కాబట్టి ఇక చేసేదేమీ లేదని ఒకరు, హైకోర్టుకే పోవాలని ఇంకొకరు అంటున్నారు. మాది నలుగురు పనివాళ్ళున్న చిన్న ప్రెస్సు, అసలు మాకు లేబర్ కోర్టు ఎలా వర్తిస్తుంది? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
— పేరు రాయవద్దన్నారు, విజయవాడ

జవాబు: నిద్ర సంగతి తర్వాత. ముందు చేతిలో ఉన్న ఆ నోటీసులో వాయిదా తేదీ ఎప్పుడో చూడండి. ఆ రోజు మీ తరఫున ఎవరో ఒకరు గుంటూరు కోర్టు హాల్లో నిలబడాలి. అవార్డు చెల్లదు కదా, ఈ డబ్బు పిటిషన్‌కు నేనెందుకు వెళ్ళాలి అని పట్టుదలకు పోయి, రెండో కేసులో కూడా సెట్ ఎక్స్‌పార్టీ (హాజరు కాలేదని రాసి, వాళ్ళు లేకుండానే విచారణ) అయినవాళ్ళను చూశాను. మొదటిసారి నోటీసు అందలేదని కోర్టు నమ్మాలంటే, అందిన నోటీసుకు మీరు వెంటనే వచ్చారన్నది కనబడాలి.

చిన్న ప్రెస్సు అన్నారు. నలుగురున్నా నలభై మందున్నా పారిశ్రామిక వివాదాల చట్టం దృష్టిలో అది పరిశ్రమే. ఆ దారి వెతకకండి. 2025 నవంబరు 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది గానీ మీ అవార్డు అంతకు ముందుది, 1947 చట్టం కింద వచ్చింది. నేను చెప్పే సెక్షన్లన్నీ ఆ పాత చట్టానివే.

ఇక అసలు విషయం. అవార్డు గెజిట్‌లో ప్రచురించిన 30 రోజులకు అమల్లోకి వస్తుందని సెక్షన్ 17-ఎ చెబుతుంది. ఆ 30 రోజులు దాటితే లేబర్ కోర్టుకు ఆ కేసుతో సంబంధం తెగిపోతుంది, తన ఎక్స్‌పార్టీ అవార్డును తానే రద్దు చేసే అధికారం ఉండదు అని చాలా కాలం వాదన నడిచింది. 2004లో సంఘం టేప్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు ఆ మాటే అంది. మీకు 'ఇక చేసేదేమీ లేదు' అని చెప్పిన పెద్దమనిషి అక్కడే ఆగిపోయి ఉంటారు. తర్వాత వేరే బెంచి వేరేగా చెప్పింది. చివరికి విషయం ముగ్గురు జడ్జీల ముందుకు వెళ్ళింది. 2018 మే 18న హరియాణా సూరజ్ మాల్టింగ్ వర్సెస్ ఫూల్ చంద్ కేసులో వాళ్ళు తేల్చేశారు. అవార్డు అమల్లోకి వచ్చినంత మాత్రాన అది పార్టీని కట్టిపడేసేది కాదు, సహజ న్యాయం పాటించి, అంటే ఇరుపక్షాలకూ చెప్పుకునే అవకాశమిచ్చి, ఇచ్చినదైతేనే కట్టుబడాలి, హాజరు కాకపోవడానికి తగిన కారణం ఉంటే 30 రోజులు దాటినా లేబర్ కోర్టే దాన్ని పక్కన పెట్టవచ్చు అని. కాబట్టి మీరు ముందు వెళ్ళాల్సింది నేలపాడులోని హైకోర్టుకు కాదు, గుంటూరు లేబర్ కోర్టుకే. అక్కడ కొట్టేస్తే అప్పుడు హైకోర్టులో రిట్ పిటిషన్. నేరుగా హైకోర్టుకు వెళితే 'ముందు అక్కడ అడిగారా' అనే ప్రశ్న తప్పదు.

హైకోర్టు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. తిరిగి పనిలోకి తీసుకోమన్న అవార్డు మీద యజమాని హైకోర్టుకు వెళితే, ఆ కేసు నడిచినంత కాలం కార్మికుడికి చివరి జీతం నెలనెలా ఇవ్వాలని సెక్షన్ 17-బి ఉంది. అతను ఇంకెక్కడా సంపాదించడం లేదని అఫిడవిట్ వేస్తే చాలు, స్టే తెచ్చుకున్నా ఆ నెలకు 14,000 మీ మెడకు ఉంటుంది. హైకోర్టుకు పొమ్మన్న మనిషి ఈ మాట చెప్పి ఉండరు.

లేబర్ కోర్టు మీ దరఖాస్తులో చూసేది రెండే రెండు. నోటీసు ఎలా పంపారు, మీకు ఎప్పుడు తెలిసింది. మెషిన్‌మన్ మంచివాడా, అడ్వాన్సు ఎగ్గొట్టాడా, మాట తూలాడా అన్నది ఈ దశలో ఎవరికీ అక్కరలేదు. చాలామంది యజమానులు అఫిడవిట్‌లో మొదటి పేరా నుంచే కార్మికుణ్ణి తిట్టడం మొదలుపెడతారు. చదివే జడ్జి గారికి అది నోటీసు రాని మనిషి గోడులా కాకుండా, కేసు ఓడిపోయిన మనిషి కోపంలా కనిపిస్తుంది.

నోటీసు ఎలా పంపారో తెలియాలంటే కేసు కట్ట చూడాలి. 2021 నాటి కేసులో సర్టిఫైడ్ కాపీలకు ఈ వారమే దరఖాస్తు పెట్టండి. అవార్డు కాపీ ఒక్కటే తెచ్చుకుంటే లాభం లేదు. తిరిగొచ్చిన కవర్లు, వాటి మీద పోస్ట్‌మన్ రాసిన రాత, మిమ్మల్ని సెట్ ఎక్స్‌పార్టీ చేసిన రోజు డాకెట్ ఆర్డరు (కేసు కట్టలో ఆ రోజు కోర్టు రాసిన ఉత్తర్వు), పేపర్లో ప్రకటన వేసి ఉంటే దాని కాపీ, అన్నీ కావాలి. కవరు మీద ఏం రాశారన్నదే మీ కేసు. 'లెఫ్ట్' అని రాసి ఉంటే మీకు బలం. 'డోర్ లాక్డ్' అంటే కొంచెం వాదించాలి. 'రెఫ్యూజ్డ్' అని ఉంటే మాత్రం తీసుకోలేదన్నా తీసుకున్నట్టే లెక్క కడతారు. అయితే 2021 నాటికి అక్కడ మీరు లేనే లేరు కాబట్టి, ఉన్నట్టు రాసిన ఆ రాత తప్పని ఆధారాలతో చూపాల్సి వస్తుంది. రిజిస్టర్డ్ పోస్టులో పంపితే అందినట్టే భావించాలని జనరల్ క్లాజెస్ చట్టం సెక్షన్ 27 అంటుంది, కానీ అక్కడ 'సరైన అడ్రసు రాసి' అన్న షరతు ఉంది. మీరు ఏడాది ముందే ఖాళీ చేసిన షాపు సరైన అడ్రసు కాదు. పేపర్ ప్రకటన ఉందని అవతలి లాయరు గట్టిగా అంటారు. లిమిటేషన్ చట్టం 123వ ఆర్టికల్ కింద వివరణ చదవమనండి: ఎక్స్‌పార్టీ డిక్రీ (సివిల్ కోర్టు తీర్పు) రద్దుకు గడువు లెక్కపెట్టేటప్పుడు ఇలాంటి ప్రకటనను సరైన అందజేతగా లెక్కించరు. ఆ ఆర్టికల్ ప్రకారం నోటీసు సరిగ్గా అందని మనిషికి గడువు తెలిసిన రోజు నుంచి 30 రోజులు. ఆ చట్టం లేబర్ కోర్టుకు నేరుగా వర్తించదు గానీ, ఆలస్యాన్ని తూచేటప్పుడు జడ్జీల మనసులో ఉండే కొలత అదే. మీరు ఆ 30 రోజుల్లోపే దరఖాస్తు వేయండి. వేస్తూ, ఆలస్యం మన్నించమని ఇంకో దరఖాస్తు, డబ్బు పిటిషన్‌ను అప్పటిదాకా ఆపమని మరొకటి జత చేయండి. డబ్బు పిటిషన్‌లో కౌంటరు (రాతపూర్వక జవాబు) వేసి 'నాకు నోటీసు రాలేదు' అని ఊరుకుంటే చాలదు. అలాంటి పిటిషన్‌లో సెక్షన్ 33-సి(2) కింద కోర్టు అవార్డు ప్రకారం లెక్క కడుతుందే తప్ప, అవార్డు తప్పా ఒప్పా అనే జోలికి పోదు.

మీ ఉత్తరంలో మీరు గమనించకుండా రాసిన మంచి ఆధారం ఒకటుంది. పాత కేసు నోటీసులన్నీ గవర్నరుపేటకు వెళ్ళాయి. డబ్బులు అడిగే పిటిషన్ మాత్రం సరాసరి ఆటోనగర్ అడ్రసుకు వచ్చింది! అంటే మీరెక్కడున్నారో అతనికి తెలుసు. ఎప్పటి నుంచి తెలుసు అన్నది ఇప్పుడు అతను చెప్పాల్సిన మాట. ఈ రెండు అడ్రసులనూ అఫిడవిట్‌లో పక్కపక్కన పెట్టండి, వ్యాఖ్యానం అక్కరలేదు. 2021కీ 2024కీ మధ్య అతను ఆటోనగర్ షెడ్డుకు ఏ పని మీదైనా వచ్చి ఉంటే, ఇంట్లో శుభకార్యానికి కార్డులు వేయించుకున్నా సరే, ఆ బిల్లు కాపీ వెతకండి. మీరు మారినట్టు చూపే కాగితాలు కూడా కావాలి. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో అడ్రసు మార్పించిన తేదీ, షెడ్డు కరెంటు బిల్లులు, పాత షాపు తాళాలు అప్పగించినట్టు ఓనరు రాసిచ్చిన కాగితం ఏదైనా ఉంటే అది. బావమరిది షెడ్డు కదా అని అద్దె అగ్రిమెంటు రాసుకుని ఉండరు. ఇప్పుడు పాత తేదీ స్టాంపు పేపరు మీద రాయించే ఆలోచన వస్తుంది, ఎవరో ఒకరు సలహా కూడా ఇస్తారు. ఆ పని చేశారో, ఉన్న నిజం కూడా అబద్ధమైపోతుంది.

ఆ ఫోను దగ్గరికి వద్దాం, ఎందుకంటే మీ కేసు నిలిచేదీ పడేదీ అక్కడే. నోటీసు పంపడంలో లోపం ఉన్నా, వాయిదా సంగతి ఆ పార్టీకి తెలుసని, హాజరు కావడానికి తగినంత సమయం ఉందని కోర్టుకు నమ్మకం కలిగితే, ఒక్క ఆ లోపం మీద డిక్రీ రద్దు చేయకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 9వ ఆర్డరు 13వ రూలులోనే ఉంది. లేబర్ కోర్టు కూడా ఆ బాటలోనే ఆలోచిస్తుంది. షాపు ఓనరు మీతో అన్నది ఏమిటి? 'ఏదో కోర్టు కవరు' అన్నాడు. ఏ కోర్టు, ఎవరు వేసిన కేసు, ఏ రోజు వాయిదా, ఇవేవీ ఆ మాటలో లేవు. కవరు కూడా మీ చేతికి రాలేదు. నా దృష్టిలో అది కేసు సంగతి తెలిసినట్టు కాదు. కానీ దాన్ని దాచిపెట్టి, 'మొన్నటి దాకా నాకు ఏ కోర్టు మాటా చెవిన పడలేదు' అని ప్రమాణం చేశారనుకోండి, రేపు అవతలి వాళ్ళు ఆ ఓనరునే సాక్షిగా తెస్తారు. అతనికి మీ మీద పాత అద్దె బాకీ కోపం ఉంటే ఇంకా ఉత్సాహంగా వస్తాడు. అందుకని ఆ ఫోను సంగతి మీరే రాయండి. సుమారు ఏ సంవత్సరం, ఏం విన్నారు, ఏమనుకున్నారు, ఎందుకు వదిలేశారు. అప్పట్లో నిజంగా బ్యాంకు లోను గొడవ నడుస్తుంటే ఆ బ్యాంకు ఉత్తరం జతచేయండి. లేదూ, ఆ ఫోనులో మెషిన్‌మన్ పేరు కూడా విన్నారా? అయితే సంగతి వేరు. అది మీకూ మీ లాయరుకూ మధ్య, గది తలుపు వేసుకుని ముందే తేల్చుకోవాల్సిన విషయం.

నేను ఎక్కువగా కార్మికుల తరఫున నిలబడే మనిషిని, కాబట్టి అటు కుర్చీలోంచి కూడా ఒక మాట చెప్పనివ్వండి. అవార్డు రద్దయితే పది లక్షలు మాఫీ అయినట్టు కాదు. కేసు మళ్ళీ మొదటికి వస్తుంది, అంతే. ఖర్చులు కట్టమనో, కొంత సొమ్ము డిపాజిట్ చేయమనో షరతు పెట్టి రద్దు చేయడం కూడా మామూలే. ఆ తర్వాత మీరు నిరూపించాల్సింది అతను తనంతట తాను మానేశాడని. మానేసిన మనిషికి 'పనిలోకి రా' అని ఒక ఉత్తరం రాశారా? రిజిస్టరు పోస్టులో ఒక్కటి? మీ ఉత్తరం చూస్తే రాసినట్టు లేదు. తొమ్మిదేళ్ళు పనిచేసిన మెషిన్‌మన్ ఒక్క గొడవకు వెళ్ళిపోయి, మళ్ళీ పనిలోకి తీసుకోమని కోర్టుకు వెళ్ళాడంటే, మానేసిన మనిషి అలా ఎందుకు చేస్తాడని జడ్జి గారు అడుగుతారు. మీ దగ్గర జవాబుండాలి.

అసలు 2019లోనే చట్టప్రకారం అతన్ని పంపించి ఉంటే ఎంతయ్యేదో చూడండి. సెక్షన్ 25-ఎఫ్ కింద నెల నోటీసు లేదా దాని బదులు జీతం 14,000, సర్వీసులో ఏడాదికి పదిహేను రోజుల సగటు జీతం చొప్పున తొమ్మిదేళ్ళకు సుమారు 63,000. అంతా కలిపి 77,000. ఇప్పుడు మీ ముందున్న అంకె 10,08,000. ఈ రెండింటి మధ్య ఎక్కడో మీ ఇద్దరి రాజీ ఉంది.

వెనక జీతం విషయంలో మీకు వాదన లేకపోలేదు. అక్రమంగా తీసేసిన మనిషికి మామూలుగా పూర్తి వెనక జీతం ఇవ్వాల్సిందేనని 2013లో దీపాలీ గుండు సుర్వసే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆ మధ్యకాలంలో వేరే సంపాదన లేదని, లేదా తక్కువని కార్మికుడు ముందు చెప్పాలి, ఉందని యజమాని అంటే యజమాని రుజువు చేయాలి. విజయవాడ ప్రెస్సుల్లో మంచి మెషిన్‌మన్ ఆరేళ్ళు ఖాళీగా కూర్చోవడం కష్టం, ఏ వీధిలో ఏ మెషిన్ మీద నిలబడ్డాడో మీ వాళ్ళకు తెలిసే ఉంటుంది. తెలియడం వేరు, రుజువు వేరు. జీతాల రిజిస్టరో, పీఎఫ్ ఖాతాలో వేరే యజమాని కట్టిన నెలలో, అలాంటివి కావాలి. టీ కొట్టు దగ్గర విన్న మాట సాక్ష్యం కాదు.

నన్నడిగితే, రద్దు దరఖాస్తు వేయండి, గట్టిగా వాదించండి, అది నెగ్గగానే పంతం పెంచుకోకుండా రాజీ మాట మీరే ఎత్తండి. అవార్డు చేతిలో ఉన్నంతసేపు అతను పది లక్షలకు తగ్గడు, మళ్ళీ విచారణ అంటే ఇంకో మూడేళ్ళు తిరగాలని అతనికీ తెలుసు. ఇద్దరికీ భయం సమానంగా ఉన్నప్పుడే రాజీలు కుదురుతాయి. కుదిరితే కాగితం మీద, కోర్టులో రికార్డయ్యేలా. నలుగురి సమక్షంలో చేతిలో డబ్బు పెట్టి వచ్చే పద్ధతి వద్దు.

ఒక చిన్న సంగతి మర్చిపోయాను. లేబర్ కోర్టులో లాయరును పెట్టుకోవాలంటే అవతలి పక్షం ఒప్పుకోవాలి, కోర్టు అనుమతి ఇవ్వాలి. సెక్షన్ 36(4). అతను కూడా లాయరును పెట్టుకుని ఉంటాడు కాబట్టి మీకు ఇబ్బంది రాదు.

ప్రశ్న: అయ్యా, గుంటూరు దగ్గర స్పిన్నింగ్ మిల్లులో వైండింగ్ సెక్షన్‌లో చేసేదాన్ని. నన్ను తీసేశారని యూనియన్ వాళ్ళు కేసు వేయించారు. కాగితాలన్నీ మా సెక్రటరీ గారే చూసేవారు, ఆయన చనిపోయారు. కోర్టు నోటీసులు యూనియన్ ఆఫీసుకు వచ్చేవట, అది మూతపడింది. ఎవరూ హాజరు కాలేదని, క్లెయిము వేయలేదని, కార్మికురాలికి ఏమీ రాదని అవార్డు ఇచ్చారట. ఈమధ్యే తెలిసింది. నాకు ఇక దారి లేదా?
— ఒక సోదరి, గుంటూరు

జవాబు: ఉందమ్మా. పైన ప్రెస్సు ఆయనకు చెప్పిన దారే నీకూ. అసలు ఆ దారి వేయించింది నీలాంటి వాళ్ళే. 1980 డిసెంబరులో సుప్రీంకోర్టు గ్రిండ్లేస్ బ్యాంకు కేసు తీర్పు చెప్పింది. 1976లో ఆ కేసు వాయిదా నాడు ఉద్యోగుల సంఘం తరఫు లాయరు రాలేదు, ఆ రోజు ఆయన తండ్రి శ్రాద్ధం. ట్రిబ్యునల్ ఎక్స్‌పార్టీగా ఉద్యోగులకు వ్యతిరేకంగా అవార్డు ఇచ్చేసింది. తర్వాత కారణం తెలుసుకుని తనే రద్దు చేసింది. అలా రద్దు చేసే అధికారం ట్రిబ్యునల్‌కు లేదని బ్యాంకు సుప్రీంకోర్టు దాకా పోరాడి ఓడిపోయింది. తీర్పులో తప్పుందని మళ్ళీ వినడం వేరు, ఒక పక్షాన్ని వినకుండానే తీర్పు ఇచ్చామని తెలిసి సరిదిద్దుకోవడం వేరు, రెండోది చేయడానికి ప్రత్యేకంగా సెక్షన్ అక్కర్లేదు అని కోర్టు అంది. యజమానులు ఇప్పుడు చెప్పుకుంటున్న తీర్పు కార్మికుల కేసులోంచి పుట్టిందే.

నువ్వు చూసుకోవాల్సింది, కేసులో పార్టీగా ఉన్నది నీ పేరా, యూనియన్ పేరా అన్నది. నీ పేరే అయితే నువ్వే దరఖాస్తు వేయవచ్చు. యూనియన్ పేరైతే యూనియన్‌లో మిగిలిన కమిటీ సభ్యులెవరైనా సంతకం పెట్టాల్సి రావచ్చు, వాళ్ళను వెతుకు. సెక్రటరీ గారి మరణ ధ్రువీకరణ పత్రం కాపీ ఆయన ఇంటి వాళ్ళను అడిగి తీసుకో, అఫిడవిట్‌కు అదే ప్రధానమైన కాగితం. అవార్డు సంగతి నీకు ఎవరు, ఏ రోజు చెప్పారో ఇప్పుడే ఒక కాగితం మీద రాసిపెట్టుకో. అవార్డు వచ్చి ఎంత కాలమైనా, తెలిసిన తర్వాత నువ్వు కూర్చున్న ప్రతి రోజుకూ జవాబు చెప్పాలి. పండగ అయ్యాక చూద్దాం అనుకోవద్దు.

లాయరు ఫీజు గురించి బెంగ వద్దు. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం పారిశ్రామిక కార్మికులకూ, ఆడవాళ్ళకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. నువ్వు రెండు లెక్కల్లోనూ వస్తావు. గుంటూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు ఆధార్ కార్డు, మిల్లు ఇచ్చిన ఐడీ కార్డు, జీతం స్లిప్పు, అవార్డు నంబరు పట్టుకుని వెళ్ళు. నంబరు తెలియకపోతే నీ పేరు, మిల్లు పేరు చెబితే లేబర్ కోర్టు ఆఫీసులో రిజిస్టరు చూసి చెబుతారు.